గురువారం సవరణ

"గళ్ళు నిండాయేటే కోడలా? నా గళాసు ఇంకా నిండలేదు" అంది జోగమ్మ, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని.

గురువారం పొద్దున ఏడుంబావు. పొయ్యి మీద ఒక పక్క టీ, ఇంకో పక్క కుక్కరు, గట్టు మీద పప్పుడబ్బాకి ఆనించిన ఫోను. కనకమహాలక్ష్మి టీ వడగట్టి అత్తగారి చేతికిచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఏడు అడ్డం దగ్గర ఆగిన టైపింగు మళ్ళీ అందుకుంది. ఎనిమిది లోపు సమీక్ష పంపాలి. ఇంకా తొమ్మిది ఆధారాలున్నాయి. స్నానాల గదిలోంచి మధుబాబు తువ్వాలు అడిగాడు. తువ్వాలు తలుపు వెనక కొక్కేనికే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది, అయినా అడుగుతాడు. పెళ్ళైన కొత్తలో వెళ్ళి అందించేది. ఇప్పుడు "తలుపు వెనక చూడండి" అని ఇక్కణ్ణుంచే చెబుతుంది. వెళ్ళి వస్తే ఒక నిమిషం, చెబితే మూడు సెకన్లు. గురువారం పొద్దున కనకం నిమిషాల్ని అలాగే చూస్తుంది, ఏది ఎక్కడ మిగులుతుందా అని.

ఒక తెలుగు దినపత్రికలో రోజూ గళ్ళనుడికట్టు వస్తుంది. అడ్డం, నిలువు గళ్ళు, కింద ఆధారాలు. ఆధారం తిన్నగా ఉండదు. ఒకటి చెబుతున్నట్టే చెబుతూ ఇంకోటి దాస్తుంది. దాన్ని విప్పుకునే సరదా ఉన్నవాళ్ళు కొన్ని వందలమంది ఇంటర్నెట్లో 'అడ్డం నిలువు' అని ఒక చోటు పెట్టుకున్నారు. ఈరోజు పత్రికలో వచ్చిన గళ్ళ మీద రేపు పొద్దున ఎనిమిది లోపు ఒకరు సమీక్ష రాయాలి. ప్రతి ఆధారం ఎలా విడిందో, కూర్చినవాళ్ళు న్యాయంగా కూర్చారో లేదో చెప్పాలి. వారానికి ఏడుగురు, వంతులు. బుధవారం గళ్ళు కనకానివి. అవి గురువారం పొద్దున రావాలి. ఆరేళ్ళలో ఒక్క గురువారం తప్పలేదు. కూతురు శ్రుతికి డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రాసింది. మామగారు అప్పలసూరి పోయిన పదమూడో రోజు కూడా గురువారమే పడింది, భోజనాల ఆకులు కడిగించి వచ్చి రాసింది.

ఆ సమీక్షల కింద ఉండే పేరు మాత్రం 'మధుబాబు, భిలాయి'.

మొదట్లో అందులో దొంగతనం ఏమీ లేదు. చేరినప్పుడు ఆ సైటు వాళ్ళు ఈమెయిలు అడిగారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఈమెయిలు, సెక్టర్ 4 బజార్లో వాళ్ళ ఎలక్ట్రికల్ దుకాణానిది, అది మధుబాబు పేరుతో ఉంది. అదే ఇచ్చింది. పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. మార్చాలంటే ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఆ వారం దొరకలేదు, పై వారం దొరకలేదు. ఈలోపు 'మధుబాబు గారూ, మీ సమీక్ష చదివితే గళ్ళు మళ్ళీ నింపినట్టుంటుంది' అని ఎవరో రాశారు. కనకం అది భర్తకి చదివి వినిపించింది, నవ్వుకోవడానికి. మధుబాబు కూడా నవ్వాడు. తర్వాతి వారం "ఈసారి ఏం రాశారేటి నా గురించి?" అని తనే అడిగాడు. మరో నాలుగు వారాలకి 'నా గురించి' అన్నది హాస్యం కాకుండా పోయింది. అప్పటికి మార్చడం నిమిషం పనిగా లేదు.

మధుబాబుకి తెలుగు చదవడం రాదు. భిలాయిలోనే పుట్టాడు, ఒకటో తరగతి నుంచీ హిందీ మీడియం. బస్సు బోర్డు మీద తెలుగుంటే గీతలు చూసి ఊరు పోల్చుకుంటాడు, అంతే. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికి తెలుసు. బయట ఎవరికీ తెలియదు, ఎందుకంటే భిలాయిలో ఎవరికి ఎంత తెలుగు చదవడం వచ్చో ఎవరూ ఎవర్నీ అడగరు.

కనకానికి వచ్చింది కూడా బడి వల్ల కాదు. తండ్రి పైడిరాజుకి, ఊళ్ళో భిలాయి-తీన్ అనే భిలాయి-3 స్టేషను దగ్గర కిరాణా దుకాణం ఉండేది. పాత కాగితాలు బరువు లెక్కన కొనేవాడు. రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళు ఎక్కువ, కట్టల్లో సగం తెలుగు పత్రికలే వచ్చేవి. వాటిని చింపి పొట్లాలు కట్టడం పదకొండేళ్ళ కనకం పని. చింపే ముందు చదివేది. చదువుతూ చదువుతూ గళ్ళ దగ్గర ఆగేది. మొదట విడిన ఆధారం ఆమెకి ఇప్పటికీ గుర్తు. 'బడిపిల్ల చేతిది తిరగబడితే వడ్రంగికి సరుకు.' బడిపిల్ల చేతిది పలక. వెనక నుంచి చదివితే కలప. జీలకర్ర పొట్లం చేతిలో పట్టుకుని ఉండిపోయింది. ఇటు పక్క అర్థం, అటు పక్క అక్షరాలు, రెండు పక్కలా ఒకే మాట తూగింది. జవాబులు మర్నాటి పత్రికలో వస్తాయి, కానీ మర్నాటి పత్రిక ఆ కట్టలో ఉంటుందన్న నమ్మకం లేదు. దాంతోనే ఎవరో పసుపు పట్టుకుపోయి ఉంటారు. అందుకని కనకం జవాబు చూసుకోవడం అనే అలవాటు లేకుండానే పెరిగింది. సరైనదో కాదో ఆధారంలోనే తేలాలి. తేలలేదంటే తనకి రాలేదనో, కూర్చినవాడు తూకంలో రాయి వేశాడనో అర్థం. రెండింట్లో ఏదో చెప్పగలగడమే ఆమె విద్య. ఆరేళ్ళుగా గురువారం గురువారం చేసే పని అదే. పెద్దవాళ్ళు కూర్చిన ఆధారాల్లో కూడా ఉత్తినే పడున్న మాటని వేలుపెట్టి చూపించేది. 'భిలాయి మధుబాబు గారి దగ్గర తప్పించుకోలేం' అని వాళ్ళు మురిపెంగా రాసేవారు.

పోయిన ఉగాదికి ఊళ్ళో తెలుగు సమాజం వాళ్ళు మధుబాబుకి శాలువా కప్పారు. పరాయి రాష్ట్రంలో తెలుగుని బతికిస్తున్నందుకు. ఆ రోజు నూటయాభై మందికి పులిహోర కలిపిన నలుగురు ఆడవాళ్ళలో కనకం ఒకతె. చేతులకి పసుపు ఉండగానే వచ్చి మూడో వరసలో కూర్చుంది. మధుబాబు వేదిక మీద బాగానే మాట్లాడాడు. దుకాణంలో మాట్లాడేవాడికి అది కష్టం కాదు. చివర్న "మా ఇంటావిడ కూడా అప్పుడప్పుడు ఒక చెయ్యి వేస్తూంటాది" అన్నాడు. అందరూ ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. కనకం కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. అతను అనడం ఒక ఎత్తు, తను నవ్వడం ఇంకో ఎత్తు.

సరే, ఈ గురువారం. తొమ్మిది అడ్డం. 'కోతరాజుగారి లోపల తూకం వేసేది', మూడక్షరాలు. నిన్న దుకాణంలో కూర్చున్నప్పుడే విడింది. కో, గారి తీసేస్తే తరాజు. కానీ పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. తరాజు అంటే చిన్నప్పుడు దుకాణంలో ప్రతి గిరాకీ నోటా విన్న మాట. 'భయ్యా, తరాజూ ఠీక్ సే పకడో' అనేవారు, తూకం సరిగ్గా పట్టుకోమని. అది హిందీ. తెలుగులో త్రాసు. పొద్దున్నే నిఘంటువు చూడాలనుకుంది. చూసేదే. కానీ అప్పుడే కుక్కరు రబ్బరు జారి ఆవిరంతా పక్కనుంచి పోయింది, జోగమ్మకి చక్కెర పరీక్షకి సూది కావాల్సొచ్చింది, శ్రుతి కాలేజీ టిఫిను మూత దొరకలేదు, ఒక కాంట్రాక్టరు ఫోను చేసి ఎగ్జాస్టు ఫ్యాన్లు వచ్చాయా అని అడిగాడు. ఆ ఫోను ఎత్తాల్సిన మధుబాబు అద్దం ముందు దువ్వుకుంటూ "నువ్వే చెప్పీ" అన్నాడు. ఏడు యాభై ఆరు. నిఘంటువుకి కనీసం రెండు నిమిషాలు. కనకం రాసేసింది: 'తొమ్మిది అడ్డం తరాజు. ఇది హిందీ మాట. తెలుగు గళ్ళలో ఈ కల్తీ తగదు.' పంపేసింది.

తర్వాత ఆలోచిస్తే ఆమెకే తెలిసింది, నిమిషాలు చాలకపోవడం సగమే కారణమని. కల్తీ అన్న మాట తొందరలో వచ్చింది కాదు. చాలా ఏళ్ళుగా నిలవున్న సరుకు. కోడలిగా రుఆబాంధా పేటలో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ జోగమ్మ "మీ భిలాయి-తీనోల్లది తెలుగేటి, సగం ఇందీ" అంటూనే ఉంది. విజయనగరం పక్క పల్లెలో పుట్టిన మనిషి, తన మాటే చోఖా, అసలు సిసలుది అని నమ్మకం. 'అడ్డం నిలువు'లో చేరిన కొత్తలో ఎవరో పెద్దాయన 'సమీక్ష బాగుంది కానీ కాస్త భిలాయి వాసన' అని రాశాడు. ఆ రోజు నుంచి కనకం ప్రతి వాక్యాన్నీ జల్లెడ పట్టి పంపేది. హిందీ అనిపించిన ప్రతి మాటా ఏరి పారేసేది. అలా ఏరేసే చెయ్యి ఈసారి ఇంకొకరి బియ్యంలో పడింది.

మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని చూస్తే కింద ఒక వ్యాఖ్య ఉంది. గళ్ళు కూర్చినావిడ రాసింది. భూలక్ష్మి, బోధన్ దగ్గర ఒక పల్లెలో చిన్నపిల్లల టీచరు. నెలకొకసారి ఆమె గళ్ళు వచ్చేవి. ఎప్పుడు రాసినా పుస్తకం తెలుగులో రాసేది. ఈసారి ఇంట్లో మాట్లాడుకునేటట్టు రాసింది:

'మా అమ్మ తరాజు పట్టి కూరగాయలమ్మి మమ్మల్ని నలుగుర్ని సదివించింది సారూ. గా మాట తెలుగు కాదని గిప్పుడే ఎరికయింది. కల్తీ అన్నరు. మంచిది. ఇగ నేను గళ్ళు పంప.'

కనకం అది రెండుసార్లు చదివింది. ఒకతను వచ్చి ట్యూబ్‌లైటు పట్టీ అడిగితే ఇచ్చింది. మళ్ళీ చదివింది. తన మాట తెలుగు కాదంటే ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు తిన్న మాట. తినీ తినీ, సందు దొరగ్గానే ఎవరో ముఖం తెలియని ఆడమనిషికి వడ్డించింది.

శుక్రవారం సూర్యప్రకాష్ గారు పాత నిఘంటువులో పేజీ ఫొటో తీసి పెట్టారు. తరాజు, అంటే త్రాసు. ఉంది. ఆయన విజయనగరంలో బ్యాంకులో చేసి రిటైరయ్యారు. 'అడ్డం నిలువు' నడిపేది ఆయనే. ఫొటో కింద ఒకే వాక్యం రాశారు, మన పద్ధతి ప్రకారం సవరణ వస్తుందని ఆశిస్తాను అని. అక్కడ పద్ధతి ఏమిటంటే, సమీక్షలో తప్పు జరిగితే పాతది చెరపకూడదు. తప్పు రాసినవాళ్ళు తమ తర్వాతి వంతులో అన్నిటికన్నా పైన 'సవరణ' అని పెట్టి, ఏం తప్పో, ఎందుకు జరిగిందో చెప్పి, కింద పేరు పెట్టాలి. రాసినవాళ్ళే రాయాలి, వేరొకరు రాయకూడదు. కాలేజీ ప్రొఫెసర్లు కూడా రాశారు. అందులో చిన్నతనం ఏమీ లేదు, రాయకపోవడమే చిన్నతనం.

శనివారం మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ పల్చగా ఉన్నప్పుడు కనకం భర్తకి సంగతంతా చెప్పింది. మధుబాబు విన్నాడు. అతనికి గళ్ళ గురించి తెలియకపోయినా మనుషుల గురించి తెలుసు. ముందు, ఆ బోధన్ ఏ పక్కన అని అడిగాడు. తెలంగాణా అని చెప్పగానే మొహం మారింది. వచ్చే గురువారం తర్వాత ఆదివారం తెలుగు సమాజం ఎన్నికలు. అతను కార్యదర్శికి నిలబడ్డాడు. సమాజంలో తెలంగాణా కుటుంబాలు నలభై దాకా ఉన్నాయి.

"నా పేరు మీద మాఫీ అడుగుతావేటి?" అన్నాడు. "ఇప్పుడు ఎవరూ చూళ్ళేదు. నువ్వు సవరణ అని పైన పెడితే అందరూ చూస్తారు. ఊరుకుంటే రెండు వారాల్లో మరిచిపోతారు."

"ఆవిడ మానేస్తానంది కదండీ."

"మానేస్తే మానేస్తాది. రాసింది నువ్వు. తప్పు నువ్వు చేసి, తల నన్ను దించమంటావా?"

అప్పుడే ఒకతను మాడిపోయిన హోల్డరు పట్టుకుని వచ్చాడు. మధుబాబు చూసి, "అరే, గారంటీలో ఉంది కదా భయ్యా" అని నవ్వుతూ వెనక్కి తీసుకుని కొత్తది చేతిలో పెట్టాడు. నవ్వుతూ పంపాడు. ఆ విషయంలో అతని మీద ఎవరూ వేలెత్తలేరు, పాడైన సరుకు గురించి వాదించడు.

కనకం ఆ హోల్డరు వంక చూస్తూ కూర్చుంది కానీ ఆమె వింటున్నది వేరే. రాసింది నువ్వు. ఆరేళ్ళలో, రమారమి మూడు వందల గురువారాల్లో, అతని నోటినుంచి ఆ మాట రావడం అదే మొదలు. శాలువా రోజున రాలేదు. పొగిడినప్పుడు రాలేదు. తప్పు దొరికిన రోజున, ఇంత స్పష్టంగా, సాక్షి సంతకంలాగా వచ్చింది. కోపం రావాల్సింది. రాలేదు. ఎవరో చాలాకాలంగా తొక్కిపెట్టిన తాళంచెవిని పాదం ఎత్తి ఇచ్చినట్టు అనిపించింది.

సోమవారం దుకాణం తెరిచి, మధుబాబు సరుకు చూడ్డానికి పక్క ఊరు దుర్గ్ వెళ్ళాక, సూర్యప్రకాష్ గారికి ఫోను చేసింది.

"నమస్తే అమ్మా. సారున్నారా?" అన్నారాయన.

"ఆయనతో పని లేదండి. తరాజు గురించి రాసింది నేను."

"ఆ ఒక్కటి మీరు రాశారా?"

"అన్నీ నేనే రాశానండి. మొదటి నుంచీ."

అటు పక్క ఆయన నెమ్మదిగా నవ్వడం వినిపించింది. "అదేనమ్మా సంగతి. నేను రెండుసార్లు సార్‌కి ఫోన్ చేసి ఒక ఆధారం గురించి అడిగాను. ఒకసారి గిరాకీ వచ్చిందన్నారు. ఇంకోసారి బస్సు వచ్చిందన్నారు. అంత గొప్పవాడికి ఇంత గర్వమేమిటి అనుకున్నాను." నవ్వు ఆపి, ఆయన అసలు విషయానికి వచ్చారు. పద్ధతి ప్రకారం రాసినవాళ్ళే సవరించాలి, కాబట్టి సవరణ ఆమె పేరుతోనే రావాలి. ఆమె పేరు మీద వేరే ఖాతా తెరిస్తే గురువారం వంతు దానికి మారుస్తానన్నారు. పాత సమీక్షల మీద పేరు సంగతి ఆమె ఇష్టమన్నారు. చివర్న ఒక్కటి అడిగారు, ఇంట్లో ఇబ్బంది ఉండదు కదా అని. ఉంటుందండి అంది కనకం.

సాయంత్రం శ్రుతి రెండు నిమిషాల్లో తల్లికి ఈమెయిలు తెరిచింది. "మమ్మీ, పూరా నామ్ డాలూఁ?" అని అడిగింది. పూర్తిగానే పెట్టమంది కనకం. కనకమహాలక్ష్మి అని అన్ని అక్షరాలూ కొట్టడానికి పిల్ల విసుక్కుంది. పెళ్ళిపత్రిక తర్వాత ఆ పేరు పూర్తిగా ఎక్కడైనా రాసిన గుర్తు కనకానికీ లేదు. దుకాణంలో భాభీ, వీధిలో మధు వాళ్ళ మిసెస్, ఇంట్లో కనకం.

బుధవారం మధ్యాహ్నం దుకాణంలో క్యారియరు విప్పి భర్తకి వడ్డిస్తూ చెప్పింది, రేపు సవరణ వస్తుంది, మీ పేరు ఉండదు అని. మధుబాబు ముద్ద కలుపుతూ ఆగాడు. అతను కూడా ఈ నాలుగు రోజులూ ఆలోచించినట్టున్నాడు. బేరం సిద్ధంగా ఉంది.

"ఒక పని చెయ్యి. ఈ ఒక్క సవరణా నీ పేరుతో వేసీ. ఆ వారం నాకు ఒంట్లో బాగోక మా ఇంటావిడ రాసిందని నేనూ చెప్తాను. మిగతావి ఎలాగున్నవి అలాగుండనీ. ఆవిడకి నీ మాఫీ అందుతాది, నా మీద మాట రాదు. ఎవరికీ నష్టం లేదు."

బేరం చెడ్డది కాదు, అతని పక్కనుంచి చూస్తే. కనకం అతని పక్కనుంచి కూడా చూసింది. ఫోను కొనిచ్చింది అతనే. గురువారం పొద్దున ఎందుకా గళ్ళు అని ఏనాడూ అనలేదు, అనే మొగుళ్ళు ఆమెకి తెలుసు. కానీ ఆ బేరం లోపల ఉన్నదేమిటంటే, బుట్టలో మూడు వందల పళ్ళుంటే కుళ్ళినది ఒక్కటి ఏరి ఆమెకిస్తున్నాడు. మంచివి తనకి అట్టే పెట్టుకుంటున్నాడు. అదీ న్యాయంగా పంచుతున్నట్టు మొహం పెట్టి.

"మిగతావి మీకెందుకండీ?" అంది. "చదవలేరు కదా."

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. కానీ మధుబాబు చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. ముద్ద నోట్లోకి వెళ్ళలేదు. "సమాజంలో నా మొహం ఏటవుతాది?" అన్నాడు. ఈసారి గొంతులో వ్యాపారం లేదు. కనకానికి జాలేసింది. జాలి వేయడం, నిర్ణయం మారడం ఒకటి కాదని ఆ క్షణంలోనే తెలిసింది. మజ్జిగ పోసి, క్యారియరు మూత పెట్టింది.

ఇంటికొచ్చేసరికి సంగతి జోగమ్మకి చేరిపోయింది. కొడుకు ఫోను చేసి ఉంటాడు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్న జోగమ్మ కోడల్ని చూసి పక్కకి జరిగింది, కూర్చోమన్నట్టు.

"నాకు తెల్దేటే? ఆడికి తెలుగచ్చరం ముక్క రాదని నాకు తెల్దేటి? నానే కదే కన్నాను" అంది. "అయినా కడుపులో పెట్టుకోవాల. మొగోడి పరువు. నానెన్ని పెట్టుకున్నానో నీకేటి తెలుసు?"

"ఏం పెట్టుకున్నారత్తా?" అంది కనకం.

జోగమ్మ తలెత్తింది. ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడిగి ఉండరు. చేతిలో చిక్కుడుకాయ ఈనె సగం వరకు వచ్చి ఆగింది. చివరికి, "ఇప్పుడు సెప్తే ఎవులికి కావాల" అని మళ్ళీ కాయల మీదికి వంగింది. కనకం ఒక గుప్పెడు కాయలు తన ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ కలిసి మొత్తం కాయల ఈనెలు తీసేశారు. లేవబోతూ జోగమ్మ, "రేపు టీ నానెట్టుకుంటాలే" అంది. దానర్థం ఏమిటో కనకం అడగలేదు.

గురువారం ఏడింటికే నిఘంటువు తెరిచి పెట్టుకుని, నిన్నటి గళ్ళలో అనుమానం ఉన్న మూడు మాటలూ చూసింది. సమీక్ష పూర్తి చేసింది. పైన సవరణ రాసింది. రాయడానికి నాలుగు నిమిషాలే పట్టింది, నాలుగు రోజులుగా లోపల రాసుకుంటున్నదే కాబట్టి. ఏడు యాభై రెండుకి పంపింది.

మధుబాబు వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. స్నానం చేయలేదు, గడ్డం గీసుకోలేదు. రాత్రి సరిగా నిద్రపోయినట్టు లేడు.

"పంపీసావా?"

"పంపేశాను."

"నన్ను తిట్టావా?"

"లేదు."

అతను ఆమె చేతిలో ఫోను వంక చూశాడు. తెర మీద అక్షరాలు కనిపిస్తున్నాయి, కానీ అతనికి అవి గీతలు. ఆరేళ్ళుగా ప్రతి పొగడ్తా ఆమె గొంతులోనే విన్నాడు. ఇదీ అలాగే వినాలి, వేరే దారి లేదు.

"చదువు" అన్నాడు.

కనకం గ్యాసు కట్టేసి, అతనికి ఎదురుగా నిలబడి, దాచకుండా, తొందరపడకుండా, మొదటినుంచి చదివింది:

'సవరణ. గత గురువారం సమీక్షలో తొమ్మిది అడ్డం గురించి, తరాజు హిందీ మాట, ఈ కల్తీ తగదు అని రాశాను. అది తప్పు. తరాజు తెలుగు మాట. నిఘంటువు చూడకుండా రాశాను. నేను పుట్టి పెరిగిన చోట ఆ మాట హిందీలో విన్నాను కాబట్టి తెలుగులో ఎక్కడా ఉండదనుకున్నాను. భూలక్ష్మి గారి ఆధారంలో ఏ లోపమూ లేదు. మా ఊరి తెలుగుని కూడా తెలుగు కాదన్నవాళ్ళున్నారు. అది ఎలా ఉంటుందో తెలిసి కూడా ఇంకొకరిని అన్నాను. భూలక్ష్మి గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు గళ్ళు పంపడం మానొద్దని అడిగే హక్కు నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

ఇంకొక విషయం. ఆరేళ్ళుగా ఇక్కడ గురువారం గురువారం మధుబాబు పేరుతో వచ్చిన సమీక్షలన్నీ నేను రాసినవి. వాటిలో ఎవరికి ఏ తప్పు దొరికినా సవరించాల్సింది నేనే. నన్నే అడగండి.

కనకమహాలక్ష్మి, భిలాయి.'